హైవే పక్కన జాగా ఒక్కటే సరిపోదు

"మా మండలంలో 65వ నంబర్ హైవే పక్కనే సర్కారు జాగా ఉంది, అక్కడ ట్రామా సెంటర్ (ప్రమాదాల్లో గాయపడ్డవాళ్లకు వెంటనే వైద్యం చేసే ఆస్పత్రి) పెట్టమని అర్జీ ఇస్తున్నాం, ఏం రాయాలి?" అని అడిగారు కదా. జాగా సంగతి ఆఖర్న రాయండి. రాత్రి పదకొండింటికి అక్కడ ఎవరుంటారో ముందు అడగండి.

మూడేళ్ల కింద మా బావ నకిరేకల్ నుంచి బైక్ మీద వస్తూ, కట్టంగూర్ దాటాక లైట్లు లేకుండా ఆగి ఉన్న లారీని గుద్దాడు. కుడి తొడ ఎముక విరిగింది. పైకి రక్తం పెద్దగా కనపడలేదు గానీ, చూస్తుండగానే తొడ ఉబ్బి ప్యాంటు బిగుసుకుపోయింది. 108 తొందరగానే వచ్చింది, కానీ డివైడర్‌కు అవతల. యూటర్న్ దాకా వెళ్లి తిరిగి రావాల్సి వచ్చింది. దగ్గర్లోని ఆస్పత్రిలో బిల్డింగ్ కొత్తది, బెడ్లు ఖాళీ. రక్తం లేదు, మత్తు డాక్టర్ లేరు. కాలికి బద్ద కట్టి, సెలైన్ పెట్టి, నల్గొండ తీసుకుపొమ్మన్నారు. ఆ కాగితాలకే నలభై నిమిషాలు. అంతసేపూ మా అక్క ఆయన చెయ్యి పట్టుకుని "చల్లబడుతుందిరా తమ్ముడూ" అంటూనే ఉంది. తొడ ఎముక విరిగితే లోపల్లోపలే లీటరు దాకా రక్తం పోవచ్చని తర్వాత తెలిసింది. బావ బతికాడు.

ట్రామా సెంటర్ అంటే సర్జన్, మత్తు డాక్టర్, సీటీ స్కాన్, బ్లడ్ బ్యాంక్ రాత్రిపూట కూడా ఒకేచోట ఉండాలి. ఇవన్నీ ప్రతి మండలానికీ తేలేరు, తెచ్చినా కేసులు తక్కువ వచ్చేచోట డాక్టర్లు నిలవరు. నల్గొండ, సూర్యాపేటల్లో 2019 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి, పెద్ద సెంటర్‌ను అక్కడే బలపరచమనండి. మీ మండలానికి మాత్రం 24 గంటల అంబులెన్స్, రక్తం ఆపి, ఊపిరి నిలబెట్టి వెంటనే పంపించే చిన్న యూనిట్ అడగండి. పంపేముందే పెద్దాస్పత్రికి ఫోన్ పోవాలి, కాగితాలు వెనకాల రావచ్చు.

పోలీస్ స్టేషన్‌లో అడిగి మూడేళ్ల ప్రమాదాల వివరాలు జతచేయండి. 500 మీటర్ల రోడ్డు ముక్కలో మూడేళ్లలో 5 తీవ్ర ప్రమాదాలు జరిగినా, 10 మంది చనిపోయినా దాన్ని బ్లాక్ స్పాట్‌గా లెక్కిస్తారు. ప్రతి స్పాట్ నుంచి మీ జాగాకు ఎన్ని నిమిషాలో రాత్రిపూట బండి మీద వెళ్లి చూడండి, రెండు వైపుల నుంచీ. మా బావ పడ్డచోట నేనలా చూస్తే, యూటర్న్ ఒక్కదానికే ఎనిమిది నిమిషాలు ఎక్కువ పట్టింది. డివైడర్ మధ్యలో అంబులెన్స్‌కు దారి ఇవ్వమని కూడా అదే అర్జీలో రాయండి.