ముద్ర ఉంటే అసలుదేనా?

ప్రశ్న: కోళ్ల బొమ్మలున్న చైనా పింగాణీ కప్పు మింగ్ చక్రవర్తుల కాలందంటూ 4 లక్షలు అడుగుతున్నారు. అడుగున ఆరక్షరాల నీలి ముద్ర ఉంది. కొనవచ్చా?
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: ముద్ర చూసి కొనకండి. ఇలాంటి కప్పులపై ఉండే మింగ్ చక్రవర్తి చెంగ్‌హువా కాలపు (1465–87) ముద్రను తర్వాతి శతాబ్దాల్లోనూ వేశారు, ఇప్పటికీ వేస్తున్నారు. 10 రెట్ల భూతద్దంతో చూడండి. నీలి గీతలు గ్లేజు (గాజులాంటి మెరుపు పూత) కింద, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులు గ్లేజు పైన ఉండాలి. వేలికొసతో మెల్లగా తడిమితే నీలం తగలదు, పై రంగులు కొద్దిగా తగులుతాయి. బొమ్మంతా సన్నని చుక్కల కూర్పుగా కనిపిస్తే అది అచ్చు స్టిక్కరే. ఈ పరీక్ష నెగ్గినంత మాత్రాన పాతదని కాదు, మంచి నకళ్లూ ఇలాగే చేస్తారు. అసలు కప్పు ఒకటి 2014లో హాంకాంగ్ వేలంలో 28 కోట్ల హాంకాంగ్ డాలర్లు దాటింది. 4 లక్షలకు రాదండీ! 1972 చట్టం ప్రకారం పురావస్తువులు అమ్మే వ్యాపారికి లైసెన్సు ఉండాలి. అది చూపకపోతే అడ్వాన్సు కూడా ఇవ్వకండి.