ఇంగ్లిష్ టీచర్ కావాలనుంది, కథలు రాయడమూ వదలలేను

ప్రశ్న: నేను ఇంగ్లిష్ సాహిత్యంలో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. బడి రోజుల నుంచీ ఇంగ్లిష్‌లో కథలు, కవితలు రాస్తున్నాను. ఇంగ్లిష్ టీచర్‌గా స్థిరపడాలన్నది నా కోరిక. అయితే ఆ ఉద్యోగంలో చేరితే రాయడానికి తీరిక దొరకదని, పాఠశాలలకు కావలసింది వ్యాకరణం, పరీక్షల తయారీయే తప్ప సృజనాత్మక రచన కాదని తెలిసినవారు అంటున్నారు. డిగ్రీ తర్వాత క్రియేటివ్ రైటింగ్‌లో పీజీ చేయడం మంచిదా, ఉపాధ్యాయ శిక్షణ తీసుకోవడం మంచిదా? ఇంటర్వ్యూలో నా రచనాసక్తి గురించి చెప్పవచ్చా?

జవాబు: కోర్సు ఎంపిక గురించిన సందేహానికి ముందుగా సూటిగా సమాధానం చెబుతాను. పాఠశాలలో ఇంగ్లిష్ బోధించడమే మీ లక్ష్యమైతే డిగ్రీ పూర్తి కాగానే బీఈడీ వంటి ఉపాధ్యాయ శిక్షణలో చేరండి. క్రియేటివ్ రైటింగ్ పీజీ ఆలోచనను కొన్నేళ్లు వాయిదా వేయండి. ఇలా చెప్పడం మీ రచనాసక్తిని తక్కువ చేయడం కాదు. ఆ రెండు చదువుల ప్రయోజనాలు వేరు, వాటి వరుస మారితే మీకు నష్టం.

క్రియేటివ్ రైటింగ్ కోర్సుల్లో ఏం జరుగుతుందో తెలిస్తే ఈ తేడా అర్థమవుతుంది. అమెరికాలో 1936లో మొదలైన అయోవా విశ్వవిద్యాలయపు రైటర్స్ వర్క్‌షాప్, బ్రిటన్‌లో 1970లో ఈస్ట్ ఆంగ్లియా విశ్వవిద్యాలయం ప్రారంభించిన ఎంఏ ఈ రంగంలో పేరున్నవి. ఈ తరహా కోర్సుల్లో విద్యార్థి తన రాతప్రతిని తోటివారి ముందు పెడతాడు, వారు దాన్ని చదివి బాగోగులు చర్చిస్తారు, ఆ చర్చను మనసులో పెట్టుకుని అతడు మళ్లీ రాస్తాడు. రచయితగా ఎదగాలనుకునేవారికి ఇంతకంటే మంచి వాతావరణం దొరకడం కష్టమే. అమెరికాలో ఇలాంటి కోర్సుకు ఇచ్చే ఎంఎఫ్ఏ (మాస్టర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్) పట్టాను కళాశాల స్థాయిలో రచన బోధించడానికి అర్హతగా కూడా పరిగణిస్తారు. అయితే పదమూడేళ్ల పిల్లలు నలభైమంది కూర్చున్న గదిలో వెనక బెంచీ విద్యార్థి చేత మొదటి వాక్యం ఎలా రాయించాలో ఆ కోర్సు నేర్పదు. పాఠశాల టీచర్‌గా నియమించేందుకు చాలా దేశాలు అడిగే అర్హత కూడా సాధారణంగా దాని వల్ల రాదు. కొన్నేళ్లు పాఠాలు చెప్పిన తర్వాత కూడా ఆ చదువు మీద మీ ఆసక్తి తగ్గకపోతే, ఉద్యోగం వదలకుండానే చేయగల పార్ట్‌టైమ్, దూరవిద్యా కోర్సులు ఉన్నాయి. తరగతి అనుభవంతో వెళ్లినవారికి ఆ చర్చల్లో అందే లాభమూ ఎక్కువే.

ఇంగ్లిష్‌ను రెండో భాషగా నేర్పే వయోజనుల శిక్షణ సంస్థల్లో పనిచేయాలనుకుంటే సెల్టా అనే సర్టిఫికెట్ గురించి కూడా తెలుసుకోండి. దీనికి కనీసం 120 గంటల శిక్షణ ఉంటుంది, అందులో 6 గంటలు శిక్షకుల పరిశీలనలో అభ్యర్థే నిజమైన తరగతికి పాఠం చెప్పాలి. భాషాబోధనలో దీనికి మంచి గుర్తింపు ఉన్నా, పాఠశాల టీచర్ కావడానికి ఇది బీఈడీకి ప్రత్యామ్నాయం కాదు.

ఇక తెలిసినవారి మాటల విషయానికి వస్తే, వాటిలో సగం నిజం ఉంది. పాఠ్యప్రణాళికలో సృజనాత్మక రచనకు కేటాయించే పీరియడ్లు తక్కువే. లేఖలు, సారాంశాలు, పాఠం వెనకి ప్రశ్నలు, పరీక్ష నమూనాలు మీ సమయంలో పెద్ద భాగాన్ని తీసుకుంటాయి. అయితే ఆ పనుల్లో మీ రచనానుభవానికి చోటు లేదనుకోవడం పొరపాటు. అది ఎక్కడ ఉపయోగపడుతుందో ఒక ఉదాహరణతో చెబుతాను.

మీకు ఇష్టమైన వ్యక్తి గురించి రాయమంటే ఎనిమిదో తరగతి విద్యార్థి ఒకడు “మా తాత చాలా మంచివాడు. ఆయనంటే నాకు చాలా ఇష్టం. ఆయన పోయినప్పుడు చాలా బాధపడ్డాను” అనే అర్థంలో మూడు ఇంగ్లిష్ వాక్యాలు రాసి ఇచ్చాడనుకుందాం. తప్పులు మాత్రమే వెతికే టీచర్ ఒక క్రియారూపాన్ని ఎర్ర సిరాతో సరిచేసి, పక్కన మార్కులు వేసి, నోట్‌బుక్ తిరిగి ఇచ్చేస్తారు. స్వయంగా రాసే అలవాటున్న టీచర్‌కు ఆ మూడు “చాలా”లు ఎందుకు వచ్చాయో తెలుసు, ఎందుకంటే తన తొలి చిత్తుప్రతుల్లోనూ అలాంటివే ఉంటాయి. అందుకని “తాత అనగానే నీకు ముందు ఏం గుర్తుకొస్తుంది?” అని అడుగుతారు. ఆయన దినపత్రికలో ప్రతి వార్తనూ బిగ్గరగా చదివేవాడని, ఇంట్లో అందరూ విసుక్కునేవారని పిల్లవాడు చెబుతాడు. “ఇప్పుడు నాకు చెప్పావే, అదే రాయి” అంటారు టీచర్. అలా రాయడానికి కూర్చున్న పిల్లవాడు, గతంలో రోజూ జరిగే పనిని ఇంగ్లిష్‌లో ఏ క్రియారూపంతో చెప్పాలని తానే వచ్చి అడుగుతాడు. పాఠ్యపుస్తకంలో ఆ పాఠం అంతకుముందే అయిపోయి ఉండవచ్చు, కానీ దానితో అతనికి పని పడింది ఇప్పుడే. పరీక్షకు కావలసిన వ్యాకరణమూ ఇలా నేర్చుకుంటేనే నిలుస్తుందని నేను గట్టిగా నమ్ముతాను.

ఇది నా నమ్మకం మాత్రమే కాదు. నాలుగు నుంచి పన్నెండో తరగతి వరకు పిల్లలకు రచన నేర్పే పద్ధతుల మీద జరిగిన అధ్యయనాలను క్రోడీకరించి స్టీవ్ గ్రాహమ్, డొలొరెస్ పెరిన్ 2007లో ఒక నివేదిక ఇచ్చారు. సత్ఫలితాలు ఇచ్చినవిగా అందులో 11 పద్ధతులను పేర్కొన్నారు. ప్రణాళిక వేసుకుని రాసి తిరిగి దిద్దుకోవడాన్ని విడమరిచి నేర్పడం, రాసే ముందు ఆలోచనలను కూడగట్టడం, మంచి నమూనాలను పరిశీలించడం, తోటివారితో కలిసి రాయడం, చిన్న వాక్యాలను కలిపి పెద్ద వాక్యాలు కట్టడం వాటిలో కొన్ని. వ్యాకరణాన్ని రచనతో సంబంధం లేకుండా విడిగా బోధించడం వల్ల మాత్రం పిల్లల రాత మెరుగుపడినట్లు వారికి కనబడలేదు. అలాగని ఇంగ్లిష్‌ను రెండో భాషగా నేర్చుకునే పిల్లలకు వ్యాకరణం అక్కర్లేదని దీన్ని అర్థం చేసుకోకూడదు, అది రాత మధ్యలో అందాలన్నదే ఇక్కడ ముఖ్యం. ఆ జాబితాను మరోసారి చూడండి. ఒక కథను నాలుగుసార్లు తిరగరాసిన వ్యక్తిగా మీకు వీటిలో చాలా పనులు ఇప్పటికే అలవాటై ఉంటాయి. ఆ అలవాటును ఇతరులకు అర్థమయ్యేలా విప్పి చెప్పడం మాత్రం మీరు కొత్తగా నేర్చుకోవాలి.

రచన నేర్పే టీచర్లు తామూ రాయాలన్న సూత్రం మీద ఒక ఉద్యమమే నడిచింది. 1974లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ ప్రాంగణంలో జేమ్స్ గ్రే ప్రారంభించిన బే ఏరియా రైటింగ్ ప్రాజెక్టు తర్వాత అమెరికా అంతటా విస్తరించి నేషనల్ రైటింగ్ ప్రాజెక్టు అయింది. వేసవిలో టీచర్లు ఒకచోట చేరి తమ రచనలను ఒకరికొకరు చదివి వినిపించుకోవడం, తమ తరగతిలో పనికొచ్చిన పద్ధతులను తోటి టీచర్లకు చూపించడం దాని పనితీరులో ప్రధానమైన భాగాలు. మీరు చేరబోయే శిక్షణ కళాశాలలో ఇలాంటి ఏర్పాటు లేకపోతే, రాసే అలవాటున్న ముగ్గురు నలుగురు సహవిద్యార్థులతో నెలకోసారి కలిసే చిన్న బృందాన్ని మీరే ఏర్పాటు చేసుకోవచ్చు. ఉద్యోగంలో చేరాక మిమ్మల్ని రచనలో నిలబెట్టేది చాలావరకు ఆ బృందమే.

తీరిక గురించి మిమ్మల్ని మభ్యపెట్టను. నలభైమంది ఉన్న తరగతిలో ఒక్కో వ్యాసానికి ఐదు నిమిషాలు కేటాయించినా దిద్దడానికి 200 నిమిషాలు, అంటే మూడు గంటలు దాటుతుంది. అలాంటి సెక్షన్లు మూడు ఉంటే ఒక్క వ్యాసానికే పది గంటలు. పైగా రోజంతా ఇతరుల వాక్యాలతో గడిపిన తర్వాత సాయంత్రం సొంత వాక్యం రాయబోతే మనసు సహకరించదు. టీచర్లు రాయలేకపోవడానికి గంటల కొరత కంటే ఈ అలసటే పెద్ద కారణమని నా అభిప్రాయం. దీనికి రెండు వైపుల నుంచీ పరిష్కారం వెతకాలి. దిద్దే పనిలో, ప్రతి తప్పునూ ప్రతిసారీ గుర్తించాలన్న పట్టుదల మానుకోండి. ఒక చిత్తుప్రతిలో ఒకటి రెండు విషయాలనే ఎంచుకుని వాటి మీదే వ్యాఖ్య రాయండి. మొదటి ప్రతిని పిల్లలు జంటలుగా కూర్చుని ఒకరిది ఒకరు చదివేలా చేయండి. అన్ని రచనలకూ మార్కులు వేయాల్సిన అవసరం లేదన్న సంగతి పాఠశాలకు, తల్లిదండ్రులకు విద్యాసంవత్సరం మొదట్లోనే వివరించండి. సొంత రచన విషయంలో, బడికి బయలుదేరే ముందు అరగంటను దానికి కేటాయించండి. సెలవుల్లో రాద్దామని వాయిదా వేసేవారిలో చాలామంది సెలవులు వచ్చేసరికి రాత తప్పిపోయి కూర్చుంటారు. ఇంకొక మంచి మార్గం, తరగతిలో పిల్లలకు పది నిమిషాల రాతపని ఇచ్చినప్పుడు మీరూ బల్ల దగ్గర కూర్చుని అదే అంశం మీద రాయడం. అందులో కొట్టివేతలతో సహా మీ కాగితాన్ని అప్పుడప్పుడు వారికి చూపించండి. టీచర్‌కు కూడా మొదటి వాక్యం సరిగా రాదని తెలిసిన పిల్లలు రాయడానికి భయపడటం తగ్గుతుంది.

ఉద్యోగం, రచన కలిసి సాగిన ఉదాహరణలకు కొదవ లేదు. విలియం గోల్డింగ్ ఇంగ్లండ్‌లోని సాలిస్‌బరీలో పాఠశాల ఉపాధ్యాయుడిగా ఉంటూనే తొలి నవల రాశారు. పలు ప్రచురణ సంస్థలు తిరస్కరించిన తర్వాత అది 1954లో వెలువడింది. 1960ల తొలినాళ్లలో ఆయన బోధన మానేసి పూర్తిగా రచనకు అంకితమయ్యారు, 1983లో నోబెల్ బహుమతి అందుకున్నారు. ఫ్రాంక్ మెకోర్ట్ దారి వేరు. న్యూయార్క్ నగరంలోని పాఠశాలల్లో దాదాపు మూడు దశాబ్దాలు పాఠాలు చెప్పి, పదవీ విరమణ చేశాక 1996లో, 66 ఏళ్ల వయసులో తొలి పుస్తకం ప్రచురించారు. మరుసటి ఏడాది దానికి పులిట్జర్ బహుమతి వచ్చింది. ఈ ఇద్దరినీ కీర్తికి కొలమానంగా చూపడం లేదు, అంతటి విజయం ఏ వృత్తిలోనైనా అరుదే. మీరు గమనించవలసింది వ్యవధిని. ఐదేళ్లలో పుస్తకం రాకపోతే రచయితగా విఫలమయ్యానని, అందుకు ఉద్యోగమే కారణమని తీర్మానించుకోకండి.

మీ ఉత్తరంలో మీరు అడగని విషయం ఒకటి ఉంది, దాన్ని చెప్పకుండా వదలలేను. రచయిత తన వాక్యం గురించి ఆలోచిస్తాడు, టీచర్ ఎదుటివారి వాక్యం గురించి ఆలోచించాలి. రచన మీద ప్రేమతో బోధనలోకి వచ్చినవారిలో కొందరు తమకు నచ్చిన శైలిలో రాసే ఇద్దరు ముగ్గురు విద్యార్థుల మీదే శ్రద్ధ పెట్టి, మిగిలినవారిని తెలియకుండానే పక్కన పెడతారు. ఇంగ్లిష్‌లో ఒక పేరా పూర్తి చేయడానికే ఇబ్బందిపడే విద్యార్థికి మీ అవసరం వారికంటే ఎక్కువ. ఆ విద్యార్థి పురోగతి చూసి మీకు నిజమైన సంతోషం కలుగుతుందో లేదో ఇప్పుడే పరీక్షించుకోండి. డిగ్రీ పరీక్షలు అయ్యాక వచ్చే ఖాళీ సమయంలో, ఇంగ్లిష్‌లో వెనకబడిన కొద్దిమంది పిల్లలకు కొన్ని వారాల పాటు రాత నేర్పించి చూడండి. ఆ పని మీకు విసుగనిపిస్తే సంపాదకత్వం, పాఠ్యపుస్తక రచన, ప్రచురణ, కంటెంట్ రైటింగ్ వంటి గౌరవప్రదమైన దారులు ఉన్నాయి, వాటిని ఎంచుకోవడంలో తప్పేమీ లేదు. అలాగే పిల్లలు నమ్మకంతో నోట్‌బుక్‌లో రాసుకున్న ఇంటి విషయాలను మీ కథలకు ముడిసరుకుగా వాడకండి. పేర్లు మార్చినా ఆ పిల్లలు తమను తాము గుర్తుపడతారు, ఆ తర్వాత ఏదీ మనసు విప్పి రాయరు.

చివరి సందేహం ఇంటర్వ్యూ గురించి. రచనాసక్తిని తప్పకుండా చెప్పండి, కానీ దాన్ని అభిరుచిగా ప్రస్తావించి ఊరుకుంటే ఎంపిక చేసేవారికి దాని విలువ తెలియదు. శిక్షణలో భాగంగా పాఠశాలలో బోధించే రోజుల్లోనే ఒక ఫైలు తయారుచేసుకోండి. మీ రచనలు రెండు, మీరు రూపొందించిన రచనాపాఠ ప్రణాళిక ఒకటి, పాఠశాల అనుమతితో పేర్లు తీసేసిన విద్యార్థి పేరాలు కొన్ని, ఒక్కోదాని మొదటి ప్రతి, దిద్దుకున్న ప్రతి పక్కపక్కనే, అందులో ఉంటే చాలు. పిల్లలు యంత్రాల చేత వ్యాసాలు రాయించి తెచ్చే ఈ రోజుల్లో, చిత్తుప్రతి నుంచి తుదిప్రతి వరకు రాతను తరగతి గదిలోనే నడిపించగల టీచర్ అవసరం పాఠశాలలకు పెరిగింది. కాబట్టి ఇంటర్వ్యూలో మీ రచనాసక్తి గురించి ప్రశ్న వస్తే జవాబుగా ఫైలు తెరిచి ఒక విద్యార్థి పేరా చూపించి, మొదటి ప్రతిలో ఏం లోపించింది, మీరు ఏం అడిగారు, రెండో ప్రతిలో ఏం మారింది అనేది రెండు మూడు నిమిషాల్లో వివరించండి. మీ సొంత రచనలు ఫైలు చివర ఉండనివ్వండి, వారు అడిగితే చూపవచ్చు.