గరాజ్‌లో ప్రొపేన్ హీటర్ వెలిగించే ముందు: మేనల్లుడికి ఒక ఉత్తరం

అల్లుడూ,

నిన్న మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. కొలంబస్‌లో కొత్తగా కొన్న ఇంటి గరాజ్‌ని వడ్రంగి పనికి సర్దుకుంటున్నావట, పాప మొదటి పుట్టినరోజుకి ఉయ్యాల బల్ల నీ చేత్తోనే చేసివ్వాలని పట్టుబట్టావట, చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయని ప్రొపేన్ హీటర్ తెచ్చుకోబోతున్నావట. ఉయ్యాల మాట విని ఎంత సంతోషం వేసిందో హీటర్ మాట విని అంత టెన్షన్ పట్టుకుంది. వద్దని చెప్పడానికి రాయడం లేదు. మిషిగన్‌లో 30 చలికాలాలు నేనూ గరాజ్‌లోనే పని చేశాను, అందులో చాలావాటికి ప్రొపేనే దిక్కు. కానీ గృహప్రవేశానికి వచ్చినప్పుడు చూశాను కదా, పాప పడుకునే గది సరిగ్గా మీ గరాజ్ మీదే ఉంది. నువ్వు కింద ఏది కాల్చినా దాని గాలి పైకి వెళ్ళే దారి వెతుక్కుంటుంది. అందుకే ఇంత పొడుగు ఉత్తరం, ఓపిగ్గా చివరిదాకా చదువు.

ముందు నాకు జరిగింది చెప్తాను. దాదాపు 20 ఏళ్ళ కిందట జనవరిలో, బయట మంచు కురుస్తుంటే, ట్యాంకు నెత్తిన బిగించే గుండ్రటి హీటర్ ఒకటి గరాజ్‌లో వెలిగించాను. అది ఆరుబయట వాడాల్సింది. వేడి పోకూడదని తలుపు కింద సందులో పాత తువ్వాళ్ళు కూడా కుక్కాను. రెండు గంటలు గడిచేసరికి తలనొప్పి మొదలైంది, సైనస్ అనుకున్నాను. తర్వాత కొలత తప్పింది, బల్ల కాలు ఒకటి రెండుసార్లు పొట్టిగా కోశాను, అయినా అలసటే అనుకుని స్టూలు మీద కూలబడ్డాను. మీ అత్త భోజనానికి పిలవడానికి తలుపు తీసి, నా మొహం చూసి భయపడి చెయ్యి పట్టుకుని బయటికి లాగింది. ఎమర్జెన్సీలో మాస్క్ పెట్టి ఆక్సిజన్ ఇచ్చారు. ఆ రోజు తను ఇంకో గంట ఆలస్యంగా పిలిచి ఉంటే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు, పైగా అది నీ ఆలోచననే దెబ్బ తీస్తుంది, కాబట్టి ఏదో తేడాగా ఉందని నీకే తట్టదు. మన ఊళ్ళల్లో చలికాలం కుంపటి పెట్టుకుని తలుపులు బిడాయించుకుని పడుకున్నవాళ్ళు తెల్లారి లేవలేదని చిన్నప్పుడు వినేవాళ్ళం, ఇదీ అదే విషం. అమెరికాలో ఏటా 400 మందికి పైగా దీనివల్ల పోతున్నారు, అదీ అగ్నిప్రమాదాల్లో పోయినవాళ్ళని లెక్కలో కలపకుండా.

ఇక హీటర్ సంగతి. ఫిరంగి గొట్టంలా ఉండే టార్పెడో హీటర్ 60,000 బీటీయూది (బీటీయూ అంటే ఇక్కడ వేడిని కొలిచే కొలత) డిస్కౌంట్‌లో చూశానన్నావట, అది కొనకు. కట్టడం సాగుతున్న భవనాల్లో, గాలి బాగా ఆడే చోట వాడేందుకు చేసిన సరుకది, కాపురం ఉండే ఇళ్ళకి కాదని దాని మాన్యువల్లోనే ఉంటుంది. పైగా అది ఊదే గాలికి రంపపు పొట్టంతా లేచి మంట వైపే వెళ్తుంది. అయినా నీకు అంత వేడి అక్కర్లేదు. లెక్క చూడు: మీ గరాజ్ 20 అడుగులకి 20 అడుగులు, ఎత్తు 8, అంటే 3,200 ఘనపుటడుగులు. బయట 20 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటే లోపల 60కి తేవాలంటే తేడా 40. ఈ రెంటినీ గుణించి, వచ్చినదాన్ని మళ్ళీ 0.133 అనే ఉజ్జాయింపు గుణకంతో గుణిస్తే గంటకి సుమారు 17,000 బీటీయూలు. అంటే 18,000 దాకా ఇచ్చే చిన్న రేడియంట్ హీటర్ సరిపోతుంది, మిస్టర్ హీటర్ వాళ్ళ బిగ్ బడ్డీ లాంటిదన్నమాట. ఇందులో ఇంకో సుఖం ఉంది. రేడియంట్ హీటర్ గదిలో గాలినంతా కాచే పని పెట్టుకోదు, ఎండలా ఎదురుగా ఉన్న మనిషినీ వస్తువునీ నేరుగా వేడి చేస్తుంది. తలుపు కాస్త తెరిచి ఉన్నా నీ చేతులు వెచ్చగానే ఉంటాయి.

హీటర్ కంటే ముందు వంద డాలర్లు గరాజ్ తలుపు మీద పెట్టు. కింది రబ్బరు చిరిగిపోయి ఉంటే మార్చు, తలుపు పలకల వెనక ఇన్సులేషన్ షీట్లు అతికించు, నువ్వు నిలబడే చోట కాంక్రీటు మీద మందపాటి రబ్బరు చాప వెయ్యి. కాంక్రీటు చలి పాదాల్లోంచి ఎక్కుతుంది, ఆ చాప దాన్ని ఆపుతుంది.

తలుపంతా సీలు చేయించి మళ్ళీ గాలి వదలమంటాడేమిటి మామయ్య అనుకుంటావు. ఎక్కడెక్కడో కారిపోయే గాలి వేరు, మనం లెక్కగా వదిలే గాలి వేరు. ఈ హీటర్‌కి పొగగొట్టం ఉండదు, మంటలోంచి వచ్చినదంతా నువ్వున్న గదిలోకే వస్తుంది. మాన్యువల్లో ఎన్ని చదరపు అంగుళాల సందు ఉంచాలో రాసి ఉంటుంది, 18,000 బీటీయూలకి అటూ ఇటూగా 18 చదరపు అంగుళాలు. నీ తలుపు వెడల్పు 16 అడుగులు, అంటే 192 అంగుళాలు, దాన్ని ఒక్క అంగుళం పైకి లేపితే 192 చదరపు అంగుళాలు వచ్చేసింది. అంత సులువు. దాంతో పాటు వెనక కిటికీ పైభాగం రెండు వేళ్ళ మందం తెరువు, అప్పుడు కింద నుంచి చల్లగాలి వస్తుంది, పై నుంచి పాడుగాలి పోతుంది. తలుపు కింద అడ్డంగా చెక్కముక్క పెట్టు, పొరపాటున ఎవరైనా బటన్ నొక్కినా పూర్తిగా మూసుకోకుండా. ఇంట్లోకి వెళ్ళే తలుపు మాత్రం ఎప్పుడూ మూసే ఉండాలి, దాని చుట్టూ రబ్బరు పట్టీ గట్టిగా ఉందో లేదో చూడు. ఇంకో మాట, ఇది చాలామందికి తట్టదు: ఆ సమయంలో వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యానూ బట్టల డ్రయ్యరూ నడపొద్దని అమ్మాయికి, అదే మీ ఆవిడకి, చెప్పు. అవి ఇంట్లో గాలిని బయటికి తోస్తుంటే, ఆ లోటు పూడ్చుకోవడానికి ఇల్లు గరాజ్‌లో గాలిని లోపలికి పీల్చుకుంటుంది.

హీటర్‌లో ఆక్సిజన్ తగ్గితే ఆగిపోయే సెన్సార్ ఉంది కదా, ఇంకేం భయం అంటావేమో. ఉంది, మంచిదే. గాలిలో మామూలుగా 21 శాతం ఉండే ఆక్సిజన్ 18 దగ్గరికి పడితే పైలట్ మంట (బర్నర్‌ని వెలిగించే చిన్న మంట) నిలవలేక ఆరిపోతుంది, గ్యాస్ ఆగిపోతుంది. కానీ అది కార్బన్ మోనాక్సైడ్‌ని కొలవదు, ఈ తేడా బాగా గుర్తుపెట్టుకో. బర్నర్‌లో దుమ్ము పడితే, మంటకి ఎర్రగా కాగే పింగాణీ పలక పగిలితే, ఆక్సిజన్ నిండుగా ఉన్నా విషం పుడుతుంది. నువ్వు చేసేది చెక్క పని కాబట్టి వారానికోసారి చల్లగా ఉన్నప్పుడు హీటర్‌ని గాలితో ఊదు. మంట నీలంగానో, పలక ఒకేలా ఎర్రగానో ఉండాలి. పసుప్పచ్చగా నాలుకలు చాస్తే ఆపెయ్, బాగుచేసేదాకా ముట్టుకోకు.

కార్బన్ మోనాక్సైడ్ అలారంలు రెండు కొను, అంకెలు చూపించేవి. ఒకటి గరాజ్‌లో, ఒకటి పాప గది దగ్గర. మామూలు అలారం 70 పీపీఎం (పది లక్షల పాళ్ళ గాలిలో 70 పాళ్ళ విషం) దగ్గర గంట నుంచి నాలుగు గంటల లోపు మోగేలా చేస్తారు, 400 అయితే 4 నుంచి 15 నిమిషాల్లో. అంటే 40, 50 ఉన్నప్పుడు అది నోరు మెదపకపోవచ్చు, అందుకే అంకెలు చూస్తూ ఉండాలి, 30 దాటితే హీటర్ ఆపేసి తలుపు పూర్తిగా ఎత్తెయ్. చాలా అలారంలు 40 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే చల్లటి చోట పనిచెయ్యడానికి తయారుచేసినవి కావు, కాబట్టి గరాజ్‌లోది రాత్రంతా అక్కడే వదలకు, ఇంట్లో ఉంచుకుని పనికి వెళ్ళేటప్పుడు చేత్తో పట్టుకెళ్ళు. వెనక గడువు తేదీ ఉంటుంది, అదీ చూసుకో.

ట్యాంకు గురించి. మనవైపు వంటింటి గ్యాస్ బండలో ప్రొపేన్, బ్యూటేన్ కలిపి ఉంటాయి. బ్యూటేన్ సున్నా డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఆవిరవడం మానేస్తుంది, ప్రొపేన్ మైనస్ 42 దాకా ఆవిరవుతూనే ఉంటుంది, అందుకే ఈ చలిదేశంలో అదొక్కటే వాడతారు. ఒక పౌండు ఆకుపచ్చ సీసాలు 18,000 మంటకి గంటా పది నిమిషాలు వస్తాయి, ఖర్చు తడిసి మోపెడవుతుంది. ఖాళీ అయినవాటిని ఇంట్లో తిరిగి నింపుకునే వాళ్ళున్నారు, నువ్వు ఆ జోలికి పోకు. 20 పౌండ్ల ట్యాంకు అదే మంటకి సుమారు 24 గంటలు వస్తుంది. దాన్ని గోడ అవతల, ఆరుబయట, నిటారుగా పెట్టి, కంపెనీ చెప్పిన గొట్టాన్నే లోపలికి తెచ్చుకో, తలుపు కింద నలగకుండా చూసుకో. గొట్టంలో చమురు లాంటి జిడ్డు దిగి హీటర్‌ని పాడుచేస్తుంది, ఫిల్టర్ కావాలో వద్దో మాన్యువల్లో చూడు. పని అయ్యాక ట్యాంకు వాల్వ్ కట్టెయ్. ఆ ట్యాంకు గరాజ్‌లోకీ బేస్‌మెంట్‌లోకీ రానే కూడదు. ప్రొపేన్ గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువు, కారితే పైకిపోదు, నీళ్ళలా పల్లానికి చేరి అక్కడే ఉంటుంది.

ప్రతిసారీ బిగించాక సబ్బు నురగ రాసి బుడగలు వస్తున్నాయేమో చూడు, మీ అమ్మమ్మ కొత్త బండ పెట్టినప్పుడల్లా చేసేదే. వాసన వస్తే లైటు స్విచ్ వెయ్యకూడదని మనకి పుట్టినప్పటి నుంచీ తెలుసు. కానీ ఇక్కడ గరాజ్ తలుపు మోటార్ కూడా స్విచ్చే అని కంగారులో మర్చిపోతాం. రిమోట్ నొక్కకు. పక్క తలుపులోంచి బయటికి నడువు, వెళ్తూ వెళ్తూ చేతికి అందితే తలుపుని మోటార్ నుంచి విడదీసే ఆ ఎర్ర తాడు లాగి తలుపు చేత్తో ఎత్తు, లేకపోతే అదీ వద్దు.

కొన్ని ఇళ్ళల్లో గరాజ్‌లో వాటర్ హీటర్ దిమ్మె మీద పెట్టి ఉండడం గమనించావా? మంట పుట్టే చోటు నేలకి 18 అంగుళాల పైన ఉండాలని నియమం. ఎందుకంటే పెట్రోలు ఆవిరి కూడా బరువే, నేలని పట్టుకుని పాకుతుంది. నువ్వేమో హీటర్‌ని సరిగ్గా ఆ నేల మీదే పెడతావు. కాబట్టి లాన్ మోవరూ, పెట్రోలు క్యానూ, థిన్నర్ డబ్బాలూ వెనక పెరట్లో షెడ్డులోకి మార్చాకే మొదటి మంట వెలిగించు. హీటర్ ముందు కనీసం 3 అడుగులు ఖాళీ ఉండాలి, పొట్టు కుప్ప ఉండకూడదు. వార్నిష్ వేసే రోజు హీటర్ అసలొద్దు. ముందు గది కాచుకుని, హీటర్ ఆర్పి, చల్లారాక, తలుపు ఎత్తి రంగు వెయ్యి, ఉయ్యాలని ఇంకో రెండు రోజులు అక్కడే ఆరనివ్వు. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ స్ప్రే మంట దగ్గర కొడితే భయంకరమైన విషవాయువు పుడుతుంది, ఆ డబ్బా ఉంటే బయట పెట్టెయ్.

జిగురు 50, 55 డిగ్రీల ఫారెన్‌హీట్ లోపు సరిగ్గా పట్టదు, ఆరాక సుద్దలా తెల్లబడి ఊడిపోతుంది. గాలి వెచ్చబడినంత మాత్రాన చెక్క వెచ్చబడదు, కాబట్టి అతికించాల్సిన ముక్కల్నీ జిగురు సీసానీ ముందు రాత్రే ఇంట్లో పెట్టుకో, అతికించి బిగించాక కూడా ఇంట్లోకే తెచ్చి ఆరబెట్టు. పాప కూర్చునే బల్ల అది, అతుకు మీద అనుమానం ఉండకూడదు.

తడి గురించి కూడా చెప్పాలి, నా టేబుల్ సా (రంపం బిగించిన బల్ల) పాడైంది దీనివల్లే. ప్రొపేన్ కాలితే నీటి ఆవిరి వస్తుంది, ఒక 20 పౌండ్ల ట్యాంకు మొత్తం కాలిస్తే దాదాపు 4 గ్యాలన్ల నీళ్ళు. అదంతా వెళ్ళి చల్లటి ఇనుము మీద చెమట పట్టినట్టు పడుతుంది, తెల్లారేసరికి ఎర్రటి తుప్పు. పోత ఇనుము బల్ల మీద మైనం రాసి దుప్పటి కప్పు, ఉలులూ చిత్రికలూ ఇంట్లోకి తెచ్చుకో.

ఈ చలికాలానికి ఇలా గడుపుకో. వచ్చే ఏడూ ఈ పని సాగేట్టుంటే ప్రొపేన్ మానేసి, ఎలక్ట్రీషియన్ చేత 240 వోల్టుల లైన్ వేయించి 5,000 వాట్ల హీటర్ గోడకి బిగించుకో. అదీ గంటకి 17,000 బీటీయూలే ఇస్తుంది, మంటా లేదు, తడీ లేదు, విషమూ లేదు. నేనూ చివరికి అదే పెట్టించాను, ముందే పెట్టించాల్సింది.

అలారం మోగినా, ఇంట్లో ఇద్దరికి ఒకేసారి తలనొప్పో వాంతో వచ్చినా, కిటికీలు తెరుద్దాం, హీటర్ ఆర్పుదాం అని ఆగకు. పాపని ఎత్తుకో, అమ్మాయిని పిలువు, చెప్పులు లేకపోయినా సరే మంచులోకి వచ్చేసి అక్కణ్ణుంచి 911కి ఫోన్ చెయ్. ఫైర్ వాళ్ళు మీటర్ పెట్టి చూసి సరే అనేదాకా ఎవరూ లోపలికి వెళ్ళొద్దు. ఈ పేరా అమ్మాయికి చదివి వినిపించు, నువ్వు కింద పనిలో ఉంటే అరగంటకోసారి తనే వచ్చి చూడాలని కూడా చెప్పు.

హీటర్ కొన్నాక పెట్టె విప్పి వెనక అంటించిన లేబుల్ ఫోటో తీసి పంపు, ఇంటిలోపల వాడొచ్చని రాసి ఉందో లేదో నేనూ చూస్తాను. శనివారం పొద్దున పది గంటలకి వీడియో కాల్ చెయ్, మొదటిసారి నేను చూస్తుండగా వెలిగించు. సబ్బునీళ్ళు కలుపుకుని ఉంచు.

మీ మామయ్య