చెస్ ఇంజిన్ చూపించే +1.5 అంటే ఏమిటి? దాంతో ఆట మెరుగవుతుందా?

ఇంజిన్ అంటే ఆటలో ఎవరిది పైచేయో లెక్కగట్టే ప్రోగ్రామ్. అది చూపించే అంకెకు ప్లస్ ఉంటే తెల్లపావులది పైచేయి, మైనస్ ఉంటే నల్లపావులది. +1.5 అంటే సుమారుగా ఒకటిన్నర బంట్ల ఆధిక్యం. #3 అని కనిపిస్తే మూడు ఎత్తుల్లో మేట్. ఈ లెక్కలు వేసే స్టాక్‌ఫిష్ అనే ఇంజిన్ ఉచితం. లీచెస్ అనే చెస్ వెబ్‌సైట్‌లో అయితే బ్రౌజర్‌లోనే నడుస్తుంది.

నేర్చుకోవాలంటే మాత్రం ఆట అవ్వగానే ఇంజిన్ ఆన్ చేయకండి. ఎక్కడ తేడా కొట్టిందో ముందు మీరే వెతకండి. తర్వాత +0.4 నుంచి ఒక్కసారిగా -2.8కి పడిపోయిన ఎత్తు దగ్గర ఆగండి. చాలాసార్లు అక్కడ గుర్రం ఫోర్కో (ఒకేసారి రెండు పావుల మీద దాడి), కాపలా లేని ఏనుగో బయటపడుతుంది. 0.2, 0.3 తేడాలంటారా, ఆ టెన్షన్ గ్రాండ్‌మాస్టర్లకు వదిలేయండి!

ఇంజిన్ మంచి ఎత్తు చూపిస్తుంది గానీ కారణం చెప్పదు. మీకు తోచిన ఎత్తును బోర్డు మీద వేసి చూడండి, దానికి అదిచ్చే జవాబులోనే కారణం దొరుకుతుంది.