ట్రాక్టర్ కొనాలా, కిరాయితోనే నెట్టుకురావాలా?

ప్రశ్న: మాది నిడమనూరు దగ్గర. సొంతం ఆరెకరాలు, కౌలుకు నాలుగు, అంతా సాగర్ ఎడమ కాల్వ కింద వరే. దున్నకం, దమ్ము కలిపి పంటకు ఎకరాకు ఆరు వేలు కిరాయి పోతోంది. సొంత బండి ఉంటే దిగుబడి కూడా పెరుగుతుందంటున్నారు. పాప పేరు మీదున్న మూడు లక్షల ఎఫ్‌డీ తీసి, ఆరు లక్షలు లోన్ పెట్టి ట్రాక్టర్, రోటావేటర్ తీసుకుందామనుకుంటున్న. తీసుకోవచ్చా సార్?

జవాబు: ముందు ఎఫ్‌డీ జోలికి పోకండి, అది పాపది. ఇక బండి సంగతి.

ట్రాక్టర్ వస్తే వడ్లు వాటంతటవే పెరగవు, పని టైమ్‌కి అవుతుంది, దిగుబడి ఉన్నది అందులోనే. కాల్వకు నీళ్లొదిలిన వారం మీ ఊళ్లో ఏం జరుగుతుందో నేను చెప్పాలా, అందరి మడులూ ఒక్కసారే తడుస్తాయి, ఉన్న బండ్లు పెద్ద రైతుల దగ్గరే తిరుగుతుంటాయి, మీ నారేమో నెల దాటి ముదురుతుంది. ముదురు నారు పిలకలు సరిగ్గా వెయ్యదు. యాసంగిలో నాటు వెనకబడితే ఈనే టైమ్‌కి ఎండలు ముదిరి తాలు ఎక్కువవుతుంది, కోత అకాల వానల్లో పడుతుంది. కాబట్టి బండి వల్ల లాభం లేదనను. ఆ లాభం కోసం అది మీ వాకిట్లోనే ఉండాలా అన్నదే లెక్క.

పదెకరాలు, రెండు పంటలు, ఏడాదికి మీ కిరాయి 1.20 లక్షలు. సొంత బండికి డీజిల్, డ్రైవర్, టైర్లు, రోటావేటర్ బ్లేడ్లు, ఇన్సూరెన్స్ పోను ఇందులో సగం, అంటే 60 వేలు మిగిలితే గొప్ప. 6 లక్షల లోన్‌కి ఐదేళ్లు, 11 శాతం వడ్డీ అనుకుంటే ఆరు నెలలకో కిస్తీ దాదాపు 80 వేలు, ఏడాదికి 1.60 లక్షలు. తక్కువపడ్డ ఆ లక్ష ఊళ్లోవాళ్ల పొలాల్లోంచి రావాలి. అదే సగం లెక్కన ఎకరాకు 3 వేలు మిగిలితే ఏడాదికి 34 ఎకరాలు, పంటకు 17. వినడానికి తేలిగ్గానే ఉంది కానీ వాళ్లకు బండి కావాల్సింది కూడా ఆ రెండు మూడు వారాల్లోనే, పైసలు ఇచ్చేది మాత్రం వడ్లు అమ్మాకే. మా నాయిన ట్రాక్టర్ కొన్న రెండో ఏడు ఆయన నోటుబుక్కులో బాకీల పేర్లే నాలుగు పేజీలు! ఇనుప చక్రాలు ఇప్పటికీ మా వేపచెట్టు కింద తుప్పుపట్టి ఉన్నాయి.

ఇంకోటి, 2023-24 యాసంగి మర్చిపోకండి, సాగర్‌లో నీళ్లు లేక కాల్వ కింద వరి ఎండిన ఏడు. అలాంటి ఏడు కూడా కిస్తీ ఆగదు. పైగా మీ నాలుగెకరాల కౌలు వచ్చే ఏడు ఉంటుందో లేదో.

అందుకే ఈ ఏడు కొనొద్దు. ఈలోపు మీ దగ్గర దమ్ము చేయించుకుంటామని గట్టిగా చెప్పేవాళ్లను, 17 ఎకరాలకు సరిపడా, పేర్లతో రాసుకోండి, అడ్వాన్స్ ఇస్తే ఇంకా మంచిది. పేర్లు నిండాయా, ఇద్దరు ముగ్గురు అన్నదమ్ముల్లాంటి వాళ్లతో కలిసి తీసుకోండి, కానీ ఎవరి పొలం ముందో కాగితం మీద పెట్టుకోండి, లేకపోతే నీళ్లొదిలిన వారమే పంచాయితీ. కేంద్రం యాంత్రీకరణ పథకంలో మహిళా రైతులకు 50 శాతం దాకా సబ్సిడీ ఉంది, ఇంటామె పేరున పట్టా ఉంటే ఏఈఓను (మీ క్లస్టర్ వ్యవసాయ విస్తరణ అధికారిని) అడగండి, వస్తే సంతోషం, దాన్ని నమ్ముకుని మాత్రం బయానా ఇవ్వకండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది, కొటేషన్‌లో అది చూసుకోండి.

కోతలో మాత్రం ఈ పంటకే నాలుగు రూపాయలు మిగుల్చుకోవచ్చు. కోతకు పది రోజుల ముందే మడిలో నీళ్లు తీసేస్తే టైర్ల కోత మిషన్ దిగుతుంది, బురదుంటే చైన్ మిషన్ తప్పదు, దాని గంట రేటు ఎక్కువ. మిషన్ మొదటి చుట్టు తిరగ్గానే వెనక పడ్డ గడ్డిలో చెయ్యి పెట్టి దులిపి చూడండి. గింజలు రాలుతుంటే డ్రైవర్‌ని అక్కడే ఆపి, మిషన్ నడిపే స్పీడ్ తగ్గించమనండి.