ఫార్మాట్ కొట్టిస్తే కంప్యూటర్ స్పీడ్ అవుతుందా?

ప్రశ్న: మాది జిరాక్స్ షాపండీ. పాత కంప్యూటర్, విండోస్ 10, ర్యామ్ 4 జీబీ, మామూలు హార్డ్ డిస్క్. క్రోమ్‌లో నాలుగు ట్యాబులు ఉండగా ఫోటోషాప్ తెరిస్తే మౌస్ కూడా కదలదు, డిస్క్ లైటు ఆగకుండా వెలుగుతూనే ఉంటుంది. ఫార్మాట్ కొట్టించమంటున్నారు. అసలు విండోస్ లాంటి ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) లోపల చేసే పనేంటి?
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: ఫార్మాట్‌కి అప్పుడే డబ్బులు పెట్టకండి, మీరు చెప్పినదాన్ని బట్టి తేడా విండోస్‌లో కాదు, ర్యామ్ (నడుస్తున్న ప్రోగ్రాములు ఉండే తాత్కాలిక మెమరీ) చాలట్లేదు.

ఓఎస్ అంటే స్టార్ట్ మెనూ, ఐకాన్లు అనుకుంటాం గానీ అసలు పని కనపడకుండా జరుగుతుంది. మీరు ప్రింట్ కొడితే ఫోటోషాప్ నేరుగా ప్రింటర్ దగ్గరికి పోలేదు, ఓఎస్‌ని అడగాల్సిందే. ప్రాసెసర్‌ని పంచేదీ అదే, ఒక ప్రోగ్రామ్‌కి కొన్ని మిల్లీసెకన్లు ఇచ్చి, ఆపి, ఇంకోదానికి ఇస్తుంది, అందుకే మనకి అన్నీ ఒకేసారి నడుస్తున్నట్టుంటుంది.

ర్యామ్ నిండిపోయినప్పుడు ఏం చేస్తుందంటే, కాసేపటి నుంచి వాడని ముక్కల్ని తీసి సీ డ్రైవ్‌లో పేజ్‌ఫైల్ అనే ఫైల్లో దాచేస్తుంది, మీరు మళ్లీ ఆ ట్యాబ్ నొక్కగానే ఇంకేదో బయటికి తోసి దాన్ని వెనక్కి తెస్తుంది. ర్యామ్‌లోంచి డేటా రావడానికి 100 నానోసెకన్లు పడితే, తిరిగే హార్డ్ డిస్క్‌లో వెతికి తేవడానికి 10 మిల్లీసెకన్ల దాకా పడుతుంది, అంటే దాదాపు లక్ష రెట్లు! ఆ లైటు ఆగకుండా వెలిగేది ఇందుకే.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. మెమరీ 90 శాతం దాటి, డిస్క్ 100 దగ్గర నిలబడితే ఇక డౌట్ లేదు. ర్యామ్ 8 జీబీ చేయించి, కుదిరితే హార్డ్ డిస్క్ బదులు ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాల్లేని, వేగమైన డిస్క్) వేయించండి. మీది 32 బిట్ విండోస్ అయితే మాత్రం 4 జీబీకి మించి వాడుకోలేదు, అప్పుడు 64 బిట్ వేయించక తప్పదు.

ఇంకోటి, ఇదే నాకు ఎక్కువ భయం. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తోనే అయిపోయింది, అంటే సెక్యూరిటీ అప్‌డేట్లు మామూలుగా రావు, కంప్యూటర్‌లో ఉన్న ఫైళ్లు దొంగల చేతికి పోయే ప్రమాదం ఎక్కువ. జనం ఆధార్, పాన్ కార్డులు మీ దగ్గర స్కాన్ చేయించుకుంటారు కదా, పని అవ్వగానే ఆ ఫైళ్లు డిలీట్ చేసేయండి, రీసైకిల్ బిన్‌లోంచి కూడా.