పర్యాటక నగరాల్లో విపత్తు నిర్వహణ: టూరిజం డిగ్రీతో వెళ్లొచ్చా?

ప్రశ్న: టూరిజం డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నాను. హోటల్, ట్రావెల్ ఉద్యోగాలపై ఆసక్తి లేదు. పర్యాటక నగరాల్లో విపత్తు ముప్పును తగ్గించే పని చేయాలనుంది. ఏం చదవాలి?

జవాబు: వెళ్లొచ్చు. కానీ ఇదే పేరుతో ఉద్యోగ ప్రకటన వెతికితే దొరకడం కష్టం. నగరపాలక సంస్థల్లో విపత్తు నిర్వహణ, పెద్ద హోటల్ గ్రూపుల్లో బిజినెస్ కంటిన్యుటీ (విపత్తులోనూ వ్యాపారం ఆగకుండా చూడటం), ఈవెంట్ సంస్థల్లో క్రౌడ్ మేనేజ్‌మెంట్, బీమా కంపెనీల్లో రిస్క్ అనాలిసిస్ అనే పేర్లతో వెతకండి.

మీ డిగ్రీకి ఇక్కడ విలువ ఉంది. వరద నీరు ఏ వీధిలో ఎంత ఎత్తుకు చేరుతుందో ఇంజినీర్లు లెక్కగడతారు. ఆ సమయానికి అక్కడ ఎంతమంది కొత్తవాళ్లు ఉంటారన్నది వేరే ప్రశ్న. పర్యాటకులు ఆ నగర జనాభా లెక్కల్లో ఉండరు. చాలామందికి స్థానిక భాష రాదు, సైరన్ మోగితే ఎటు వెళ్లాలో తెలియదు. 2023 ఆగస్టులో హవాయిలోని లహైనాను కార్చిచ్చు చుట్టుముట్టినప్పుడు సైరన్లు మోగించలేదు. అక్కడ సైరన్ అంటే సునామీ హెచ్చరికే గుర్తొస్తుందని, వింటే జనం కొండవైపు, అంటే మంటల వైపే వెళ్తారని భయపడ్డామని అధికారి చెప్పారు. ఆ నిర్ణయంపై విమర్శలు గట్టిగానే వచ్చాయి. ఏ ముప్పు, ఎటు కదలాలి అనే రెండు మాటలు శబ్దంతోపాటు చేరకపోతే హెచ్చరిక సగమే.

పీజీ ఎంచుకునేటప్పుడు కాలేజీ పేరుకన్నా సిలబస్ చూడండి. జీఐఎస్ (కంప్యూటర్‌లో మ్యాపులు, స్థల సమాచారాన్ని విశ్లేషించే విధానం), స్టాటిస్టిక్స్, ఫీల్డ్ ప్రాజెక్టు లేని కోర్సును నేనైతే సిఫార్సు చేయను. విపత్తు ముప్పు తగ్గింపుపై 2015-2030 కాలానికి రూపొందిన ఐక్యరాజ్యసమితి ఒప్పందం సెండాయ్ ఫ్రేమ్‌వర్క్‌లోని 4 ప్రాధాన్యాలు, వ్యాపార కొనసాగింపుపై అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 22301 చదవాలి. జీఐఎస్ సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ ఉచితం, ఈరోజే మొదలుపెట్టొచ్చు.

అన్నిటికన్నా ముందు ఒక ప్రాజెక్టు చేయండి. రద్దీగా ఉండే ఒక పర్యాటక వీధిని తీసుకుని, మామూలు రోజు ఉదయం, వారాంతం సాయంత్రం, ఉత్సవం రోజు రాత్రి జనాన్ని లెక్కపెట్టండి. బయటికి దారులన్నీ నడిచి, ప్రతిదాంట్లో అతి ఇరుకైన చోటును టేపుతో కొలవండి. విద్యార్థులు ఎక్కువగా తప్పుచేసేది ఇక్కడే. మ్యాప్‌లో 5 మీటర్లున్న దారి బండ్లు, బోర్డులు, ఆపిన వాహనాలు పోగా 3 మీటర్లే మిగలొచ్చు. చదునైన దారిలో మీటరు వెడల్పుకు నిమిషానికి 82 మంది, మెట్లపై 66 మంది అనేది బ్రిటన్ క్రీడామైదానాల భద్రతా మార్గదర్శకాల్లోని గరిష్ఠ అంచనా. 3 మీటర్ల దారికి నిమిషానికి 246 మంది. 5,000 మంది బయటపడాలంటే 20 నిమిషాలు దాటుతుంది. మెట్లుంటే 25 నిమిషాల పైమాటే. ఇదీ అందరూ సాఫీగా కదిలితేనే. కొత్తవాళ్లు దగ్గరి దారి వదిలేసి, వచ్చిన దారినే వెనక్కి వెళ్లాలని చూస్తారు.

హోటల్ గదుల లెక్కనే నమ్ముకోవద్దు. ఉదయం వచ్చి రాత్రికి వెళ్లిపోయేవారు, అద్దె ఫ్లాట్లలో దిగినవారు అందులో రారు.

చివరగా, ఆ దారులన్నిటినీ ఒక పట్టికలో పెట్టి, ప్రతి దారికీ ఎదురుగా దాని భద్రతకు బాధ్యుడి హోదా రాయండి. 2022 అక్టోబరు 29న సియోల్‌లోని ఇతేవాన్‌లో హాలోవీన్ వేడుకల రద్దీలో ఇరుకు సందులో జరిగిన తొక్కిసలాటకు 159 మంది బలయ్యారు. దాదాపు 4 గంటల ముందే, సాయంత్రం 6:34కే పోలీసులకు హెచ్చరిక ఫోన్ వచ్చింది. ఆ వేడుకకు అధికారిక నిర్వాహకులంటూ లేరు, కాబట్టి భద్రతా ప్రణాళికకు జవాబుదారీ కూడా లేరు. మీ పట్టికలో అలాంటి ఖాళీ గడి కనిపిస్తే దాచకండి, ఎర్ర రంగు వేయండి. ఇంటర్వ్యూకు ఒక మ్యాపు, ఒక పేజీ లెక్క తీసుకెళ్తే చాలు. బోర్డు ముందుగా అడిగేది ఆ ఎర్ర గడుల గురించే కావచ్చు.